ఊపిరితిత్తుల మార్పిడి: ఆలస్యమైతే అందని వైద్యం

దేవరయాంజాల్ (శామీర్‌పేట): నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. నెలల తరబడి తగ్గని పొడిదగ్గు. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే సూది, ఆ తర్వాత నెబులైజర్, ఇంకా తగ్గకపోతే అనుమానంతో వాడే క్షయ మందులు. ఇలా ఏడాదో రెండేళ్లో గడిచాక తీసిన సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు పీచుకట్టి గట్టిపడ్డాయని తేలుతుంది. అప్పటికి రోగి మంచానికీ, ఆక్సిజన్ సిలిండరుకూ పరిమితమై ఉంటాడు. ‘మార్పిడి ఒక్కటే మార్గం’ అన్న మాట ఆ కుటుంబం చెవిన పడేది సరిగ్గా అప్పుడే. విషాదమేమిటంటే, మార్పిడికి పనికివచ్చే దశ సాధారణంగా అంతకు ముందే దాటిపోయి ఉంటుంది.

సీతారామచంద్రస్వామి ఆలయంతో పేరొందిన దేవరయాంజాల్ నుంచి సికింద్రాబాద్‌లోని మినిస్టర్ రోడ్డు పాతిక కిలోమీటర్లలోపే. ఆ రోడ్డులోని కిమ్స్ ఆస్పత్రిలో 2020లో జరిగిన ఒక శస్త్రచికిత్స దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. కరోనా సోకిన రోగికి రెండు ఊపిరితిత్తులనూ మార్చడం దేశంలో అదే తొలిసారి అని వైద్యులు నాడు ప్రకటించారు. ఇంత దగ్గరలో ఉన్న ఈ వైద్యం ఎవరికి, ఎప్పుడు, ఏ షరతులపై అందుతుందన్నది మాత్రం శామీర్‌పేట, మేడ్చల్ మండలాల్లో ఆయాసంతో రోజులు వెళ్లదీస్తున్న వారిలో చాలామందికి తెలియదు.

కోల్‌కతా నుంచి సికింద్రాబాద్‌కు

ఆ రోగి చండీగఢ్‌కు చెందిన 32 ఏళ్ల యువకుడు. సార్కాయిడోసిస్ అనే వ్యాధి అతడి ఊపిరితిత్తులను అప్పటికే దెబ్బతీసింది. శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి అవయవాల్లో చిన్నచిన్న గడ్డలు కట్టించే జబ్బు ఇది. చాలామందిలో మందులతో లొంగుతుంది, కొందరిలో ఊపిరితిత్తులను పూర్తిగా గట్టిపరుస్తుంది. మార్పిడి కోసం ఎదురుచూస్తున్న సమయంలోనే అతడికి కరోనా సోకింది. అసలే అంతంతమాత్రంగా ఉన్న శ్వాస మరింత క్షీణించింది.

కోల్‌కతాలో జీవన్మృతుడైన ఒక దాత ఊపిరితిత్తులు అతడికి సరిపోతాయని తేలింది. వాటిని విమానంలో హైదరాబాద్‌కు చేర్చారు. డాక్టర్ సందీప్ అత్తావర్ నేతృత్వంలోని బృందం రెండు ఊపిరితిత్తులనూ అమర్చింది. 2020 సెప్టెంబరు 11న రోగి ఇంటికి వెళ్లాడు. కరోనా భయంతో పక్కింటి వారి గడప తొక్కేందుకే జనం జంకిన రోజుల్లో, వేరే రాష్ట్రం నుంచి విమానంలో వచ్చిన అవయవంతో మూడో రాష్ట్రపు మనిషి మన నగరంలో ప్రాణం దక్కించుకున్నాడు.

అయితే కరోనా వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న ప్రతి ఒక్కరికీ మార్పిడి అవసరం కాలేదు. అదే ఆస్పత్రిలో లక్నోకు చెందిన 12 ఏళ్ల బాలుడు 65 రోజులపాటు ఎక్మో యంత్రంపై ఉండి, మార్పిడి లేకుండానే కోలుకుని 2021 జులైలో ఇంటికి వెళ్లాడు. రక్తాన్ని శరీరం వెలుపలికి తెచ్చి, ప్రాణవాయువును ఎక్కించి, తిరిగి లోపలికి పంపే యంత్రమే ఎక్మో. ఊపిరితిత్తులకు విశ్రాంతినిస్తే అవి తిరిగి కోలుకుంటాయా, లేక కోలుకోలేని స్థితికి చేరాయా అన్నది తేల్చుకోవడమే ఇక్కడ అత్యంత క్లిష్టమైన నిర్ణయం. తొందరపడితే కోలుకోగల ఊపిరితిత్తులను కోసి తీసేసినట్లవుతుంది. తాత్సారం చేస్తే రోగి శస్త్రచికిత్సకు తట్టుకోలేని స్థితికి చేరతాడు.

స్పాంజి బీరపీచుగా మారితే...

మన రెండు ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో సూక్ష్మమైన గాలి గదులు ఉంటాయి. వాటి గోడలు ఎంత పలుచనివంటే, ఒకవైపు గాలి, మరోవైపు రక్తం ఉండగా ప్రాణవాయువు ఆ గోడ గుండానే రక్తంలోకి చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. నీటిలో ముంచిన స్పాంజిలా మెత్తగా సాగాల్సిన ఈ కణజాలం కొన్ని వ్యాధుల్లో ఎండిన బీరపీచులా గట్టిపడుతుంది. ఒకసారి పీచుకట్టిన భాగం తిరిగి మెత్తబడదు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ వంటి మందులు ఈ గట్టిపడే వేగాన్ని తగ్గిస్తాయే తప్ప, జరిగిన నష్టాన్ని పూడ్చలేవు.

పొగ వల్ల వచ్చే సీవోపీడీలో నష్టం మరోలా ఉంటుంది. అక్కడ గాలి గదుల గోడలు చిట్లిపోయి, లోపలికి వెళ్లిన గాలి బయటికి రాక ఛాతీ ఉబ్బిపోతుంది. బీడీ, సిగరెట్లు దీనికి ప్రధాన కారణం. ఏనాడూ బీడీ ముట్టని గ్రామీణ మహిళల్లోనూ ఇది కనిపించడానికి దశాబ్దాలుగా పీల్చిన కట్టెల పొయ్యి పొగే కారణమని వైద్యులు చెబుతున్నారు. గ్యాస్ పొయ్యి వచ్చాక కూడా పెరట్లో నీళ్లు కాచుకునేందుకు కట్టెలు, పిడకలు వాడే ఇళ్లు మన ప్రాంతంలో నేటికీ కనిపిస్తాయి.

రాతి పొడిది వేరే కథ. క్వారీల్లో, క్రషర్లలో, రాళ్లు కోసే యంత్రాల వద్ద పనిచేసే వారి ఊపిరితిత్తుల్లోకి చేరే సిలికా రేణువులు అక్కడే తిష్ఠ వేస్తాయి. పని మానేసిన తర్వాత కూడా వ్యాధి ముదురుతూనే ఉండటం సిలికోసిస్ ప్రత్యేకత. షాద్‌నగర్ సమీపంలోని ఎలికట్టలో పలుగురాళ్లను పొడి చేసే పనికి వెళ్లిన వారు ఈ వ్యాధి బారిన పడి యుక్తవయసులోనే మరణించిన ఉదంతం తెలంగాణకు కొత్త కాదు. ఈ వ్యాధి బయటపడితే ప్రభుత్వానికి తెలియజేయడం చట్ట ప్రకారం తప్పనిసరి. ఆచరణలో మాత్రం చాలా కేసులు ‘క్షయ’ ఖాతాలోనే కలిసిపోతున్నాయి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ కావడంతో ఒకదాని చాటున మరొకటి దాగిపోతుంది.

మరో కారణం చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. దేశంలోని 19 నగరాల్లో 1,084 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధులున్న వారిలో దాదాపు సగం మందికి మూలం పీల్చే గాలిలోని జీవసంబంధ ధూళి అని తేలింది. పావురాల రెట్టలు, ఈకల దుమ్ముతోపాటు, శుభ్రం చేయని ఎయిర్ కూలర్లలో పెరిగే బూజు అందులో ముఖ్యమైనవి. వేసవి రాగానే అటక మీది కూలర్‌ను దించి, పాత గడ్డి మార్చకుండానే నీళ్లు పోసి ఆన్ చేసే అలవాటు ఎన్ని ఇళ్లలో లేదు? మూలాన్ని తొలి దశలోనే గుర్తించి దూరం చేస్తే ఈ రకం వ్యాధి చాలావరకు అదుపులోకి వస్తుంది. మార్పిడి దాకా వెళ్లకుండా ఆపగల అరుదైన అవకాశం ఇది.

ఇవి కాక, చిన్ననాటి ఇన్ఫెక్షన్లతోనో పాత క్షయతోనో శ్వాసనాళాలు వ్యాకోచించి చీము పట్టే బ్రాంకియెక్టాసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే వ్యాధి కూడా మార్పిడికి దారి తీసే వాటిలో ఉన్నాయి.

రైతు కుటుంబాలకు తెలిసి ఉండాల్సినది ఒకటుంది. పారాక్వాట్ అనే గడ్డిమందు శరీరంలోకి వెళితే, మనిషి తొలి రోజుల్లో బాగానే ఉన్నట్లు కనిపించినా రెండు మూడు వారాల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దీనికి విరుగుడు లేదు. ఇటువంటి స్థితిలో ఉన్న 23 ఏళ్ల యువకుడికి 2022లో సికింద్రాబాద్‌లోని యశోద ఆస్పత్రి వైద్యులు రెండు ఊపిరితిత్తులనూ మార్చి బతికించారు. ప్రపంచంలోనే ఇటువంటివి వేళ్లపై లెక్కించదగినవి. రక్తంలోనూ కణజాలంలోనూ విషం ఆనవాళ్లు పూర్తిగా పోయేదాకా రోగిని యంత్రాలపై నిలబెట్టగలిగితేనే ఇది సాధ్యం. లేకుంటే కొత్త ఊపిరితిత్తులనూ అదే విషం కాల్చివేస్తుంది. కనుక ఇలాంటి సందర్భాల్లో మనిషి మామూలుగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకుండా, మందు డబ్బా సహా ఆ క్షణమే పెద్దాస్పత్రికి తరలించాలి.

20 ఏళ్లు చేదు అనుభవాలే

మనిషికి తొలిసారి ఊపిరితిత్తిని మార్చింది 1963 జూన్ 11న. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జేమ్స్ హార్డీ చేసిన ఆ శస్త్రచికిత్స తర్వాత రోగి 18 రోజులు మాత్రమే బతికాడు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 ప్రయత్నాలు జరిగితే, దాదాపు అందరూ రోజుల్లోనో వారాల్లోనో మరణించారు. బెల్జియంలో 1968లో డాక్టర్ ఫ్రిట్జ్ డెరోమ్ శస్త్రచికిత్స చేసిన వ్యక్తి పది నెలలు జీవించడమే అప్పటి రికార్డు. మూత్రపిండాల మార్పిడి, గుండె మార్పిడి ముందుకు సాగిపోతుంటే ఊపిరితిత్తి మాత్రం మొండికేసింది.

ఓటమికి కారణం సర్జన్ల చేతకానితనం కాదు. కొత్త ఊపిరితిత్తిని అతికిన చోట శ్వాసనాళం మానేది కాదు, కుట్లు విడిపోయేవి. శరీరం అవయవాన్ని తిరస్కరించకుండా ఆ రోజుల్లో భారీగా వాడిన స్టెరాయిడ్లే ఆ గాయాన్ని మాననివ్వలేదని తరువాత తెలిసింది. సైక్లోస్పోరిన్ అనే మందు రావడంతో స్టెరాయిడ్ల మోతాదు తగ్గించగలిగారు. 1983లో కెనడాలోని టొరంటో జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం చేసిన మార్పిడి తొలి విజయంగా నిలిచింది. ఆ రోగి ఆరేళ్లకు పైగా జీవించాడు. 1986లో అదే బృందం రెండు ఊపిరితిత్తులనూ మార్చగలిగింది.

నేటి విధానంలో ఛాతీని తెరిచి, పాత ఊపిరితిత్తిని తొలగించి, శ్వాసనాళాన్ని, ఊపిరితిత్తి ధమనిని, గుండె ఎడమ కర్ణికకు చేరే సిరల భాగాన్ని వరుసగా అతుకుతారు. ఒకవైపు పూర్తయ్యాక రెండో వైపు. ఆరు నుంచి పది గంటలు పడుతుంది. అవసరమైతే ఆ సమయమంతా ఎక్మో రోగిని నిలబెడుతుంది. పాత క్షయ వల్ల ఊపిరితిత్తి ఛాతీ గోడకు అంటుకుపోయిన వారిలో దాన్ని విడదీయడానికే గంటలు పడుతుంది, రక్తస్రావం ముప్పు కూడా ఎక్కువ. మన దేశంలో సర్జన్లకు ఇది నిత్య సమస్య.

దాతలున్నా ఊపిరితిత్తులు దొరకవు

‘నా కిడ్నీ ఇస్తా’నని తల్లి ముందుకు రావచ్చు, తన కాలేయంలో కొంత భాగాన్ని కొడుకు తండ్రికి ఇవ్వవచ్చు. ఊపిరితిత్తుల విషయంలో ఆ వెసులుబాటు దాదాపు లేదు. జపాన్ వంటి చోట్ల ఇద్దరు బంధువుల నుంచి చెరో భాగం తీసుకుని ఒకరికి అమర్చే పద్ధతి ఉన్నా, అది అరుదు. మన దగ్గర ఈ శస్త్రచికిత్స జీవన్మృతుల కుటుంబాలు చేసే దానంపైనే ఆధారపడి ఉంది.

ఆ దానంలోనూ ఊపిరితిత్తులదే అతి తక్కువ వాటా. తలకు గాయమై వెంటిలేటర్‌పై ఉన్న వ్యక్తి ఊపిరితిత్తుల్లో గంటల్లోనే నీరు చేరవచ్చు, న్యుమోనియా రావచ్చు. ప్రమాద సమయంలో వాంతి శ్వాసనాళంలోకి వెళ్లి ఉండవచ్చు. ఈ కారణాలతో ప్రతి ఐదుగురు దాతల్లో ఒకరి ఊపిరితిత్తులు మాత్రమే మార్పిడికి పనికివస్తాయని అంచనా. ఆపై రక్తం గ్రూపు కలవాలి, ఛాతీ కొలత కుదరాలి. ఆరడుగుల మనిషి ఊపిరితిత్తులు ఐదడుగుల మహిళ ఛాతీలో ఇమడవు.

ఆ తర్వాత కాలంతో పరుగు. శరీరం నుంచి వేరు చేసిన ఊపిరితిత్తులను ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు అమర్చాలి. గుండెకైతే నాలుగు గంటలే. అందుకే నగరంలో పోలీసులు వాహనాలను నిలిపివేసి అంబులెన్సుకు దారి ఇస్తుంటారు. 2025 జనవరి 17న ఎల్బీనగర్ కామినేని ఆస్పత్రి నుంచి లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ ఆస్పత్రికి దాత గుండెను మెట్రో రైలులో 13 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటించడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం వేళ రాజీవ్ రహదారిపై తూంకుంట నుంచి సికింద్రాబాద్ చేరడానికి ఎంతసేపు పడుతుందో ఎరిగిన వారికి ఆ 13 నిమిషాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

సందేహాస్పదంగా ఉన్న ఊపిరితిత్తులను వెంటనే పక్కన పెట్టేయకుండా, శరీరం వెలుపలే యంత్రంపై గాలి, పోషక ద్రవం ఎక్కించి, వాటి పనితీరును పరీక్షించి బాగుచేసే విధానాన్ని టొరంటో వైద్యులు అభివృద్ధి చేశారు. ‘శ్వాసిస్తున్న ఊపిరితిత్తి’గా ప్రచారం పొందిన ఇటువంటి మార్పిడిని 2021 నవంబరులో సికింద్రాబాద్ కిమ్స్‌లో తొలిసారి చేపట్టారు.

ఎప్పుడు అడగాలి?

ఈ వైద్యంలో కుటుంబం చేతిలో ఉన్న నిర్ణయం ప్రధానంగా ఇదొక్కటే. ఊపిరితిత్తులు పీచుకట్టే వ్యాధి అని నిర్ధారణ అయిన రోజునే మార్పిడి కేంద్రానికి ఒకసారి పంపడం మేలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2021లో సూచించింది. ఆ రోజే ఆపరేషన్ చేయడానికి కాదు. రోగి పరిస్థితిని నమోదు చేసి, ఎంత వేగంగా దిగజారుతోందో గమనిస్తూ, సరైన వేళ జాబితాలో చేర్చడానికి. సీవోపీడీ నిదానంగా ముదురుతుంది కాబట్టి వారికి వ్యవధి కొంత ఎక్కువ. పీచుకట్టే వ్యాధిలో మాత్రం నిలకడగా ఉన్న మనిషి ఒక్క జలుబుతో, ఒక్క జ్వరంతో నాలుగు రోజుల్లో వెంటిలేటర్‌పైకి చేరవచ్చు.

కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్లు చాలా ఇళ్లలో అల్మారాల్లో మూలుగుతున్నాయి. కూర్చున్నప్పుడు 96 చూపే సంఖ్య, ఇంటి ముందు ఆరు నిమిషాలు నడిచాక 90 కన్నా దిగువకు పడిపోతోందంటే అది ఉపేక్షించదగిన సంకేతం కాదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రిలో గానీ, శ్వాసకోశ నిపుణులున్న మరే ఆస్పత్రిలో గానీ స్పైరోమెట్రీ, అవసరమైతే సీటీ స్కాన్ చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష అవసరమే. అయితే కళ్లెలో క్రిమి కనిపించకపోయినా నెలల తరబడి క్షయ మందులు మింగడం మాత్రం విలువైన కాలాన్ని హరిస్తుంది.

అందరూ అర్హులు కారు. క్యాన్సర్ చురుకుగా ఉన్నవారికి, పొగ తాగడం మానని వారికి, గుండె, కాలేయం, మూత్రపిండాలు కూడా బాగా దెబ్బతిన్న వారికి సాధారణంగా చేయరు. 65 ఏళ్లు దాటితే ఆచితూచి నిర్ణయిస్తారు. మరీ చిక్కి శల్యమైనా, మితిమీరి లావెక్కినా ఇబ్బందే. రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో ఉన్నారా అని కూడా వైద్యులు ఆరా తీస్తారు. వినడానికి కఠినంగా ఉన్నా, కొత్త ఊపిరితిత్తులను కాపాడేది ఆ తోడే. మంచాన పడి కండ కరిగిపోయిన వారు శస్త్రచికిత్స తర్వాత లేచి దగ్గలేరు, నడవలేరు. అందుకే జాబితాలో ఉన్నవారికి ఆక్సిజన్ పెట్టి మరీ రోజూ నడిపిస్తారు.

కొత్త ఊపిరి, కొత్త కట్టుబాట్లు

మార్పిడి అంటే వ్యాధి నయమైపోవడం కాదు, ఒక ప్రాణాంతక స్థితి స్థానంలో జీవితాంతం మందులతో అదుపు చేయాల్సిన మరో స్థితిని తెచ్చుకోవడం. శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో ఏడాది తర్వాత జీవించి ఉండేవారు అంతర్జాతీయంగా సుమారు 85 శాతం. ఐదేళ్ల తర్వాత సగానికి కాస్త ఎక్కువ. మూత్రపిండం, కాలేయం మార్పిడులతో పోలిస్తే ఇది తక్కువే. కారణం సులభంగానే అర్థమవుతుంది. మూత్రపిండం పొట్ట లోపల భద్రంగా ఉంటుంది, ఊపిరితిత్తి మాత్రం ప్రతి శ్వాసతోనూ బయటి ధూళిని, క్రిములను ఎదుర్కొంటూనే ఉండాలి.

పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు ప్రాణం ఉన్నంతకాలం వేళ తప్పకుండా వేసుకోవాలి. ఇవి రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి కాబట్టి క్షయ, బూజు ఇన్ఫెక్షన్లు పొంచి ఉంటాయి. మూత్రపిండాలపై భారం పడుతుంది, మధుమేహం రావచ్చు. పంపరపనస వంటి పండ్లు రక్తంలో ఈ మందు మోతాదును ప్రమాదకరంగా పెంచగలవు. ఇంట్లో పావురాలు, కోళ్లు ఉండరాదు. ఎరువు దిబ్బ తవ్వడం, ధాన్యం తూర్పారబట్టడం, ఇల్లు కూల్చే చోట నిలబడటం కూడా తగదు. వ్యవసాయ కుటుంబంలోని వ్యక్తికి ఇది బతుకుదెరువే మార్చుకోవడంతో సమానం.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. మార్పిడిలో నరాలను అతకడం సాధ్యం కాదు. కుట్టుకు దిగువన ఊపిరితిత్తిలో కఫం చేరినా, దగ్గు రావాలన్న స్పృహ రోగికి కలగదు. అందుకే దగ్గు రాకపోయినా రోజూ పనిగట్టుకుని దగ్గడం నేర్పిస్తారు. ఇంట్లోనే చిన్న యంత్రంలో ఊది, అంకెను రాసిపెట్టుకోవాలి. ఆ అంకె పది శాతం పడిపోయిందంటే ఒంట్లో బాగున్నట్లే అనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. తిరస్కరణ చాలాసార్లు నిశ్శబ్దంగా మొదలవుతుంది.

ఇంత చేసినా కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ సన్నని శ్వాసనాళాలు మెల్లగా మూసుకుపోతాయి. దీర్ఘకాలిక తిరస్కరణ అనే ఈ సమస్యకు ఇప్పటికీ పూర్తి పరిష్కారం దొరకలేదు. అయినా ఆక్సిజన్ గొట్టం లేకుండా స్నానం చేయగలగడం, పిల్లల పెళ్లిలో నలుగురితో కలిసి పంక్తిలో కూర్చోగలగడం ఆ కుటుంబాలకు చిన్న విషయాలు కావు.

ఖర్చు సామాన్యుడికి పెను భారం. కార్పొరేట్ ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స ఒక్కదానికే పాతిక లక్షల రూపాయలు దాటుతుంది. ఎక్మోపై రోజులు గడిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. ఆపై జీవితాంతం నెలనెలా వేల రూపాయల మందులు, పరీక్షలు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచడం ఊరటే అయినా, ఈ వైద్యానికయ్యే మొత్తంతో పోలిస్తే తేడా భారీగానే ఉంది. శస్త్రచికిత్సకు అప్పోసప్పో చేసి, రెండో ఏడాది మందులు కొనలేక మానేస్తే అప్పటిదాకా పెట్టినదంతా వృథా అవుతుంది. కాబట్టి ఆపరేషన్ ఖర్చు ఎంతని కాక, ఆ తర్వాత ఐదేళ్లకు ఎంతని వైద్యులను ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

దాత కుటుంబం సంతకమే కీలకం

రాష్ట్రంలో అవయవాల కేటాయింపును నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి ‘జీవన్‌దాన్’ పర్యవేక్షిస్తోంది. రోగి పేరును మార్పిడి చేసే ఆస్పత్రే అందులో నమోదు చేయిస్తుంది. డబ్బిచ్చి వరుసలో ముందుకు వెళ్లడానికి వీలు లేదు, అలా ఎవరైనా ఆశ చూపితే అది చట్టరీత్యా నేరం. 2024లో తెలంగాణలో 188 మంది జీవన్మృతుల కుటుంబాలు దానానికి అంగీకరించగా 725 అవయవాలు లభించాయి. పది లక్షల జనాభాకు 4.88 మంది దాతలతో రాష్ట్రం ఆ ఏడాది దేశంలోనే ముందు నిలిచింది. అప్పటి జాతీయ సగటు 0.8 మాత్రమే. 1995 నాటి రాష్ట్ర చట్టానికి బదులు కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ 2025 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది.

ఇందులో మన ప్రాంతానికి సంబంధించిన చేదు నిజం ఒకటుంది. దాతల్లో ఎక్కువమంది రోడ్డు ప్రమాదాల్లో తలకు గాయమైన వారే. మేడ్చల్ జాతీయ రహదారిపైనా, రాజీవ్ రహదారిపైనా రాత్రి గోదాముల నుంచి, కర్మాగారాల నుంచి ద్విచక్ర వాహనాలపై ఇళ్లకు మళ్లే యువకులను తలచుకుంటే దాతలు పెరగాలని కోరుకోవడానికి నోరు రాదు. హెల్మెట్ పెట్టుకుని వారు క్షేమంగా ఇల్లు చేరాలన్నదే ఎవరికైనా ముందు కలిగే కోరిక.

జరగరానిది జరిగినప్పుడు మాత్రం కుటుంబం ముందు గంటల వ్యవధిలో ఒక ప్రశ్న నిలుస్తుంది. మెదడు కాండం పూర్తిగా పనిచేయడం ఆగిపోయిందని నలుగురు వైద్యుల బృందం నిర్ధారించాలి. కనీసం ఆరు గంటల తేడాతో అవే పరీక్షలను రెండోసారి జరపాలి. మార్పిడి చేసే వైద్యులు ఆ బృందంలో ఉండరాదు. కోమాకూ దీనికీ పోలిక లేదు. కోమాలో ఉన్న మనిషి కోలుకోవచ్చు, జీవన్మృతుడు కోలుకోడు. వెంటిలేటర్ వల్ల ఛాతీ ఎగసిపడుతూ, ఒళ్లు వెచ్చగా ఉండటంతో ఈ మాట ఒప్పుకోవడం కన్నవారికి ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

జీవన్‌దాన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని కార్డు పొందే వీలుంది. అయితే కార్డు ఉన్నా, ఆ సమయంలో దగ్గరి బంధువుల అంగీకారం లేనిదే వైద్యులు ముందుకు వెళ్లరు. కార్డు పర్సులో పెట్టుకుని ఇంట్లో చెప్పకపోతే ఉపయోగం లేదు. అవయవాల సేకరణకయ్యే ఖర్చును దాత కుటుంబంపై మోపరు. ప్రమాద కేసుల్లో పోలీసు పంచనామా, పోస్టుమార్టం యథావిధిగా జరుగుతాయి. కోసిన చోట శుభ్రంగా కుట్టి, అంత్యక్రియలకు ఇబ్బంది లేకుండా భౌతికకాయాన్ని అప్పగిస్తారు.